ఒక బీడీకి ఒక బైసా

"ఎంతకిచ్చిండే బోండం?"

"అరవై."

"అరవై అంటే మూడు వందల బైసాలు. గీ పైసలకు మస్కట్‌ల మూడు చాయలు తాగొచ్చు."

"మస్కట్‌ల కొబ్బరిచెట్లున్నయా ఏంది? మాట్లాడకుంట తాగు."

"సలాలల ఉంటయి."

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. కామారెడ్డి ఆస్పత్రిలో, కిటికీ పక్క మంచం మీద. బోండంలో సగం తాగి, గొట్టం పక్కకు తీసి, కాసేపు పడుకుంటానని అటు తిరిగాడు. మిగిలిన నీళ్లు నేను తాగాను. అరవై పెట్టి కొన్నదాన్ని పారబోయడానికి మనసొప్పలేదు. కొంతసేపటికి నర్సు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. వెంటనే పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

ఎల్లారెడ్డికి తీసుకొచ్చాక, ఏడ్వడానికి వచ్చిన ఆడవాళ్లందరూ ఒకటే అడిగారు, పోయేముందు ఏమన్నా చెప్పాడా అని. మా వాడకట్టులో ఒకామె మొగుడు పోతూ పోతూ పిల్లలు జాగ్రత్త అన్నాడట. ఇంకొకామె మొగుడు దేవుడి పేరు తలచుకున్నాడట. మా ఆయన మస్కట్ దిక్కున సలాలా అనే ఊళ్లో కొబ్బరిచెట్లు ఉంటాయన్నాడు. నేనేం చెప్పేది? కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాను. ఏదో పెద్ద మాటే అయి ఉంటుందనుకుని వాళ్లు మళ్లీ అడగలేదు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇది రాస్తున్నది నా చెల్లెలి బిడ్డ. కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. నేను నోటికొచ్చిన తీరుగా చెబుతుంటే అది పుస్తకాల్లో ఉండే తీరుగా దిద్దుకుంటూ రాస్తోంది. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం దిద్దొద్దని చెప్పాను. దిద్దితే మా ఆయన తహశీల్దారులాగా వినబడతాడు. ఆ మర్యాద ఆయన తట్టుకోలేడు.

ఆయన మొదటిసారి మస్కట్‌కు పోయినప్పుడు మా కూతురు ఇంకా నడక నేర్వలేదు. అక్కడ ఒక కంపెనీలో భూమి తవ్వి నీళ్ల పైపులు వేసే పని. రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చేవాడు, రెండు మూడు నెలలు ఉండి మళ్లీ పోయేవాడు. కూతురు నడిచింది, బడికి పోయింది, పెళ్లి చేసుకుని బిచ్కుందకు కూడా పోయింది. ఆయన ఇంకా వస్తూ పోతూనే ఉన్నాడు. అన్నేళ్లలో నేను కోరుకున్నది ఒకటే, ఆయన ఇక పోకుండా ఇంటి దగ్గర ఆగిపోవాలని. ఆ సంగతి నా చేతిలో ఉండేది కాదు. నిజం చెప్పాలంటే ఆయన చేతిలో కూడా ఉండేది కాదు. కూరగాయల రేట్ల చేతిలో ఉండేది.

శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు ఫోన్ చేసేవాడు. ఎట్లున్నావని అడగడం ఆయనకు రాదు. "టమాట ఎంతున్నదే?" అని మొదలుపెట్టేవాడు. నేను ఉన్న రేటు ఉన్నట్టే చెప్పేదాన్ని. టమాట పిరమైందని చెబితే, "సూసినవా, గింత పిరముంటే నేనొచ్చి ఏం తింటం? ఇంకో రెండేండ్లు చేస్త" అనేవాడు. ఇంకో కాలంలో టమాట బాగా అగ్గువైంది, కోత కూలి కూడా రావడం లేదని రైతులు రోడ్డు పక్కన పారబోస్తున్నారని చెబితే, "మంచిగైంది, ఇప్పుడు పంపే పైసకు విలువెక్కువ. గిసొంటప్పుడు వచ్చేటోడు పిచ్చోడు" అనేవాడు. పిరమైనా మస్కటే, అగ్గువైనా మస్కటే. టమాటకు ఏదో ఒక రేటు ఉండక తప్పదు కదా. అందుకని ఆయన పోక తప్పేది కాదు.

అక్కడ ఒక్క గదిలో ఆరుగురు ఉండేవాళ్లు. వంటకు వంతులు, సామాను ఖర్చు తలా ఇంత. దాన్ని మెస్సు అనేవాళ్లు. మా ఆయన ఏ వస్తువు పట్టుకున్నా ముందు దాన్ని రూపాయల్లోకి మార్చుకునేవాడు. ఒక రియాలుకు వెయ్యి బైసాలు, ఒక రియాలు మన దగ్గర రెండు వందల దాకా. ఒక చాయ వంద బైసాలు, అంటే ఇరవై రూపాయలు. ఎల్లారెడ్డి బస్టాండులో అదే చాయ పది రూపాయలకు దొరుకుతుందని ఆయన అక్కడ చాయ మానేశాడు. ఎవరైనా తాగిపిస్తే తాగేవాడు. పెద్ద దుకాణంలో యాపిల్ పండు చేతిలోకి తీసుకుని, మనసులో గుణించుకుని, తిరిగి ఆ కుప్ప మీదే పెట్టేవాడట. కరివేపాకు కూడా అక్కడ పొట్లం కట్టి అమ్ముతారట. అది విన్నాక మాత్రం నాకు నిజంగా జాలి కలిగింది. మా అంగట్లో నాలుగు రకాల కూరగాయలు కొంటే కరివేపాకు, కొత్తిమీర కొసరుగా సంచిలో వేస్తారు. వేయకపోతే అడిగి వేయించుకుంటాం, అది మన హక్కు. ఆయన ప్రతిసారీ పోయేముందు నేను కరివేపాకు ఎండబెట్టి సంచిలో పెట్టేదాన్ని. విమానం ఎక్కి పోయిన కరివేపాకు అది. దాని టికెట్ కూడా గుణిస్తే ఎంతవుతుందో ఆయన ఎప్పుడూ గుణించలేదు.

నేను బీడీలు చేస్తాను. ఇక్కడ మా వాడలో ఆడవాళ్లందరి పనీ అదే. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటాం. ఆకు తడిపి, కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కడతాం. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే నడుము నొప్పి మొదలయ్యాకే లేస్తాం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అందులో బాగాలేవని కొన్ని తీసి పక్కన పడేస్తారు, వాటికి కూలి రాదు. ఏ రేటు విన్నా నాకు రూపాయలు ఆలస్యంగా తలకెక్కుతాయి, బీడీలు తొందరగా ఎక్కుతాయి. పావుకిలో పచ్చిమిరప అంటే ఇన్ని బీడీలు, సబ్బు అంటే ఇన్ని బీడీలు. నేనొక్కదాన్నే కాదు, మా దగ్గర ఆడవాళ్లు కొంగున కట్టుకునేది రూపాయలే అయినా మనసులో లెక్క బీడీల్లోనే.

ఒక శుక్రవారం ఆయన ఫోన్లో అక్కడి రొట్టెల సంగతి చెబుతున్నాడు. వంద బైసాలకు ఒక ప్యాకెట్ అన్నాడు. తర్వాత అలవాటు ప్రకారం రూపాయల్లోకి మార్చడం మొదలుపెట్టాడు. నాకు ఎక్కడో తగిలింది.

"ఆగు. రియాలుకు వెయ్యి బైసాలన్నవు కదా. రియాలుకు ఎన్ని రూపాయలొస్తయి?"

చెప్పాడు.

"వెయ్యి బీడీలకు నాకిచ్చే కూలి గంతనే. ఒక బీడీకి ఒక బైసా."

ఆయన లెక్క మొదలుపెట్టాడు. నోట్లో గుణించుకుంటున్నాడని నాకు వినబడుతూనే ఉంది.

"అరే, నిజమేనే. పదో ఇరవయ్యో అటిటు. నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? నా నడుము చెప్పింది."

ఆ తర్వాత మేము ఫోన్లో రూపాయల మాట ఎత్తలేదు. అక్కడ కోడి వెయ్యి అంటే వెయ్యి బీడీలు. ఇక్కడ గుడ్డు ముప్పై అంటే ముప్పై బైసాలు. బీడీ కూలి ఎప్పుడో ఒకసారి పెరిగేది, రియాలు కూడా ఎప్పుడో ఒకసారి పెరిగేది. ఎవరు కుదిర్చారో తెలియదు గానీ ఆ రెండూ ఒకదానికొకటి పెద్దగా దూరం పోలేదు. ఇంత మంచి సంగతి కనిపెట్టానని నేను మురిసిపోయాను. దాంతో జరిగిందేమిటంటే, ఆయన తినే నాలుగు మెతుకులు కూడా తగ్గించాడు. అంతకుముందు రూపాయలు చూసి ఆకలి చంపుకునేవాడు, ఇప్పుడు నా నడుము చూసి చంపుకోవడం మొదలుపెట్టాడు. ఆ గదిలో మా దిక్కు పిట్లం ఊరి తమ్ముడు ఒకడు ఉండేవాడు. నన్ను వదినా అంటాడు. కోడికూర వండిన రోజు అతను, "అన్నా, వదిన రెండు దినాలు చాట ముందట కూసొని చేసిన బీడీలు మింగుతున్నవు. జర మెల్లగ నములు" అనేవాడట. గది గదంతా నవ్వేదట. మా ఆయన ముక్క పక్కకు పెట్టేవాడట.

అట్లాంటి మనిషి ఒకసారి సెలవు మీద వచ్చాడు. కూతురి పెళ్లయ్యాక వచ్చిన మొదటి సెలవు అది. ఇక ఖర్చులేం లేవు, ఈసారి ఆపేస్తానని నేను గట్టిగా అనుకున్నాను. వచ్చిన వారానికే అంగడికి నేను పోతానంటూ సంచి లాక్కున్నాడు. నేను కూడా వెంట పోయాను, ఆ సంచి ఎక్కడ వదిలిపెడతాడోనని.

టమాటలమ్మే ముసలామె ముందు కూర్చున్నాడు.

"కిలో ఎంతవ్వా?"

"ఇరవై బిడ్డా."

"వంద బైసాలే" అని నావైపు తిరిగి నవ్వాడు. మళ్లీ ఆమెను అడిగాడు. "గంపకు గంప ఎంత?"

"గంపెందుకు బిడ్డా, ఇంట్ల పెండ్లున్నదా?"

"పెండ్లేం లేదవ్వా, మస్కట్ నుంచి వచ్చిండు" అన్నాను.

"గట్ల చెప్పు మరి" అంటూ ఆమె లేచి నిలబడింది. మస్కట్ మాట చెవిన పడగానే పక్కన వంకాయలమ్మేవాడు కూడా మావైపు జరిగాడు. ఆ రోజు మా ఇంటికి గంపెడు టమాట, అరబస్తా ఉల్లిగడ్డ, ఇద్దరం ఏడాది తిన్నా ఒడవనంత చింతపండు వచ్చాయి. ఆయనకు ప్రతిదీ బైసాల్లోనే కనబడుతోంది, ప్రతిదీ అగ్గువే. మస్కట్‌లో యాపిల్ ముట్టుకోని మనిషి ఎల్లారెడ్డిలో గంపకు గంప ఎత్తుకొస్తున్నాడు. నాలుగు రోజులకు టమాటలు మెత్తబడ్డాయి. వాడకట్టంతా పంచాను. ఒకామె తీసుకుంటూ, "మీ ఆయన మళ్ల ఎప్పుడు పోతున్నడక్కా?" అని అడిగింది. ఎందుకు అడిగిందో నాకు అర్థం కాలేదు.

అంతటితో ఆగలేదు. బిచ్కుందలో కందిపప్పు మన దగ్గరికంటే కిలోకు కొంత అగ్గువ, మహారాష్ట్ర వైపు నుంచి వస్తుందని కూతురు ఫోన్లో చెప్పింది. అదొక మాటగా చెప్పింది పాపం. ఆయన తెల్లారి తయారయ్యాడు. కూతురి ఇంటికి ఒట్టి చేతులతో పోలేం కదా, అరటిపండ్లు కొన్నాం, మిఠాయి కొన్నాం, వియ్యపురాలికి రవికె బట్ట కొన్నాం. రెండు బస్సులు మారాం. అక్కడ ఒకరు మరాఠీలో, ఒకరు కన్నడంలో బేరమాడుతుంటే మా ఆయన మధ్యలో దూరి హిందీలో బేరమాడాడు. అరబ్బుల దేశంలో నేర్చుకున్న హిందీ అది, బాగానే పనికొచ్చింది. పప్పు నిజంగానే అగ్గువకు దొరికింది. ఇంటికొచ్చాక ఎంత మిగిలిందని అడిగితే, "పప్పుల మిగిలింది. బస్సుల పోయింది" అన్నాడు. రవికె బట్ట సంగతి ఎత్తలేదు.

అప్పుడు నాకు కోపం వచ్చింది.

"అక్కడ రూపాయల్ల తిన్నవు, ఇక్కడ రియాల్ల కొంటున్నవు. జర ఇటుది అటు మలిపి చెయ్యరాదు?"

"మలిపితే ఏమైతది?"

"అక్కడ నీ కడుపు నిండుతది. ఇక్కడ ఇల్లు నిలబడతది."

"అందుకే అంటున్న, రియాలు లేకుంట ఇక్కడ ఇల్లు నడవదు. ఇంకో రెండేండ్లు."

మళ్లీ అదే మాట. పాస్‌పోర్టు అప్పటికే కామారెడ్డిలో టికెట్లు చేసేవాడి దగ్గర ఉంది. నేను చాట పక్కకు పెట్టాను. "ఒక్క నెల నా బీడీల మీద ఇల్లు నడుపు. నడిస్తే ఆగు. నడవకుంటే పో, నేను అడ్డం రాను" అన్నాను. ఆయన సరే అన్నాడు. ఊరికే అనలేదు. నా చేత్తో వచ్చిన పైసలు ఖర్చు పెట్టాలంటే తన చెయ్యి కూడా పడాలన్నాడు. మా దగ్గర మగవాళ్లు బీడీలకు కూర్చోరు. ఆయన నా ఎదురుగా కూర్చుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టాడు. మా గుమ్మం ముందు నుంచి పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

"ఏందక్కా, మస్కట్ సేటుకు కత్తెరిచ్చినవు?"

"ఆకు కత్తిరిస్తుండు. రియాలు కత్తిరిస్తలేడు, నువ్వు పో" అని ఆయనే జవాబు చెప్పేవాడు.

ఆయన కత్తిరించిన ఆకుల్లో సగం కొలత తప్పేవి. నేను మళ్లీ కత్తిరించేదాన్ని. వారం తిరిగేసరికి ఆయన బొటనవేలి మీద బొబ్బ వచ్చింది. అది వచ్చాక అంగట్లో మనిషి మారిపోయాడు. వంకాయ కిలో ముప్పై అంటే లేచి నిలబడేవాడు. "నూటయాభై బీడీలా? నా ఏలు సూడు" అని వంకాయలమ్మేవాడికి బొబ్బ చూపించేవాడు. వాడు బొబ్బ చూసి, "ఏందన్నా, మస్కట్ ఒడిసిందా?" అన్నాడు. కొసరు కోసం కరివేపాకు రెబ్బలు ఆయనే ఎంచుకునేవాడు. చాయ మళ్లీ మానేశాడు. గంపకు గంప కొన్న మనిషి పావుకిలో కొని తూకం ముల్లు నిలబడేదాకా కళ్లార్పకుండా చూసేవాడు. నాకు ఈ మొగుడు కూడా అంతగా నచ్చలేదు గానీ నోరు మెదపలేదు. నెల నడవాలి కదా.

నెల నడిచింది. ఎవరు గెలిచామన్నది మాత్రం తేలలేదు. నడిచిందని నేను. కుంటిందని ఆయన. మాంసం ఒక్కసారే వండామన్నాడు. అన్నేళ్లు మస్కట్‌లో ఆయన తిన్నదెంత అని నేనడిగాను. కూతురి ఇంటికి పోలేదన్నాడు. పోయుంటే పప్పు మళ్లీ కొనేవాడివి కదా అన్నాను. చివరికి ఆయన, "నడిచిందంటే నడిచింది. గిట్ల ఎన్ని దినాలు నడుస్తది?" అన్నాడు. కార్ఖానాలో నెలంతా పని కూడా ఇవ్వరు, సగం రోజులు ఆకే ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలిసింది.

మర్నాడు పొద్దున అంగీ వేసుకుని, టికెట్ ఖాయం చేసుకొస్తానని కామారెడ్డి బస్సు ఎక్కాడు. నేను ఏడవలేదు. ఏడ్పుకు కూడా ఒక రేటు ఉంటుంది, ఆ ఏడాదికి నేను కట్టింది చాలనుకున్నాను. లేచి మామిడికాయ పచ్చడి డబ్బాలో కుక్కి పెట్టాను. కారం దంచాను. కరివేపాకు చాటలో పోసి ఎండకు పెట్టాను.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చాడు. గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పిట్లం తమ్ముడు ఫోన్ చేసిండు" అన్నాడు.

"ఏమంటుండు?"

"మస్కట్‌ల ఉల్లిగడ్డ కిలో రియాలైందట. మనోళ్లు ఉల్లిగడ్డ బయటి దేశాలకు పంపుడు బంద్ పెట్టిన్రట."

"అయితే?"

"అయితే ఏందే. ఉల్లిగడ్డ లేకుంట కూర ఎట్లైతది? మెస్సు ఖర్చు పెరుగుతది. ఇగ మిగిలేదేముంటది? పాస్‌పోర్టు వాపస్ తెచ్చుకున్న. పోను."

నేను పచ్చడి డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి దాని మూత తీసి, ఆ పూట అన్నంలోకి పచ్చడి వడ్డించాను. ఏం మాట్లాడితే మళ్లీ ఏ రేటు మారుతుందోనని ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సంతోషం ఒక దినం ఉంది. రెండో దినం నుంచి కడుపు మండింది. కూతురు చిన్నప్పుడు నాన్న ఏడని ఏడిస్తే ఆగలేదు. మా అత్త పోయినప్పుడు ఆగలేదు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే పక్క నుంచి దాటుకుని పోయాడు. ఉల్లిగడ్డ పిరమైందంటే ఆగిపోయాడు. ఈ మాట నేను వాడకట్టులో చెప్పాను, కార్ఖానాలో చెప్పాను, బిచ్కుందలో వియ్యపురాలికి కూడా చెప్పాను. అందరూ నవ్వారు. మా ఇంట్లో ఉల్లిగడ్డ కోసిన ప్రతిపూటా, "నాకంటే గిదే ఎక్కువాయె నీకు" అని ఆయన ముందు పడేసేదాన్ని. ఆయన నవ్వుతూ పొట్టు తీసేవాడు. కాదని ఒక్కనాడూ అనలేదు.

కొన్ని నెలలకు కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి, అక్కడున్నవాళ్లు అక్కడే చిక్కుకున్నారు. అప్పుడు ఊళ్లో మా ఆయనకు జ్ఞాని అని పేరొచ్చింది. "ముందే తెలిసినట్టు ఆగిండు" అని రైసుమిల్లు ముందు కూర్చునేవాళ్లు అనేవాళ్లట. ఆయన ఆ మిల్లులోనే కాపలా పనికి కుదిరాడు. జ్ఞానికి జీతం తక్కువే.

ఆ తర్వాత ఉన్న నాలుగేళ్లూ మేము మామూలుగా బతికాం, అంటే కొట్లాడుకుంటూ బతికాం. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకుండా ఉత్తగనే అయ్యాక నేను చింతపండుకు, బెల్లానికి కామారెడ్డి పోవడం మొదలుపెట్టాను. ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ రేటులో తేడా ఉంటే అది నాకు పూర్తిగా మిగిలేది. వెంట రమ్మంటే ఆయన, "నీకు ఉత్తగ, నాకు టికెట్. నేనొస్తే బెల్లం పిరమైతది" అని ఇంట్లోనే ఉండేవాడు. నేను తిరిగి వచ్చేసరికి అన్నం వండి పెట్టేవాడు. ఆ గదిలో నేర్చుకున్న వంట, కారం ఎక్కువ. ఇంట్లో ఉన్న మనిషితో కొట్లాడటం ఎంత అగ్గువో అప్పుడు తెలిసింది నాకు. ఫోన్‌లో పైసలు వేయించే పని లేదు, శుక్రవారం దాకా ఆగే పని లేదు.

ఆయన పోయి నెల దాటాక పిట్లం తమ్ముడు సెలవు మీద వచ్చి, నన్ను చూసిపోదామని ఎల్లారెడ్డికి వచ్చాడు. నాలుగు యాపిల్ పండ్లు తెచ్చాడు. చాయ పెట్టిచ్చాను. అతని మెడ మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి. అతను చాయ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నేనే అన్నాను.

"నీ పుణ్యమే తమ్మీ. ఆ దినం నువ్వు ఫోన్ చెయ్యకుంటే మీ అన్న పోతుండె. నాకు నాలుగేండ్లన్న దక్కిండు."

"ఏం ఫోన్ వదినా?"

"గదే, ఉల్లిగడ్డ కిలో రియాలైందని."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"రియాలా? మాకు గంత ఎన్నడు కాలేదు వదినా. మనది బందయితే పాకిస్తాన్‌ది వస్తది, యెమెన్‌ది వస్తది. జరంత పెరిగె, అంతే. నేనేం ఫోన్ చెయ్యలే. అన్ననే నాకు చేసిండు, కామారెడ్డి బస్టాండ్ల నుంచి. మెస్సుల నా పేరు తీసెయ్యున్రి అన్నడు. ఎందుకన్నా అంటే, రేటు కుదురుత లేదు అన్నడు. దేని రేటన్నా అంటే ఫోన్ పెట్టేసిండు."

అతను పోయాక చాలాసేపు నేను చాట ముట్టలేదు. రేటు విషయంలో మా ఆయన ఎవరితోనూ అబద్ధమాడలేదు. చాయ వంద బైసాలంటే వందే, తొంభై అయిదని కూడా అనలేదు. పప్పు యాత్రలో నష్టమైతే అది కూడా ఒప్పుకున్నాడు. అట్లాంటి మనిషి ఉల్లిగడ్డ మీద అంత అబద్ధం ఎట్లా ఆడాడు? రెండు మూడు వందల బైసాల ఉల్లిగడ్డను ఒక్క మాటతో రియాలుకు ఎక్కించాడు. నేనూ నమ్మాను. అన్ని రేట్లు తెలిసినదాన్ని, అదెట్లా అయిందని ఒక్కసారి కూడా అడగలేదు.

నీ దగ్గర ఉండాలని ఆగుతున్నానని అనొచ్చు కదా. ఆ మాట అంటే తర్వాత నేను అడిగినవన్నీ ఒప్పుకోవాల్సి వస్తుందని భయపడ్డాడేమో. లేకపోతే అన్నేళ్లు శుక్రవారం శుక్రవారం రేట్లే మాట్లాడుకున్న మనిషికి రేటు లేని మాట ఒక్కటి కూడా మిగల్లేదేమో. నేనేమో నాలుగేళ్లు ఉల్లిగడ్డ ముందు పడేసి దెప్పాను. ఆయన పొట్టు తీశాడు. అప్పుడన్నా చెప్పొచ్చు. ఇద్దరం కలిసి నవ్వేవాళ్లం, లేదా ఇంకో కొట్లాట పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే రెండు వైపులా మాట్లాడుకోవలసి వస్తోంది.

"చాలు బిడ్డా, ఇగ కలం పెట్టు. నీ చెయ్యి కూడా నొస్తున్నట్టున్నది. రాసింది ఒకసారి చదివి వినిపియ్యి. మొదటి నుంచి వద్దు, అదంత నాకు ఎరుకే. మీ పెద్దనాయిన కామారెడ్డి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న కాడి నుంచి చదువు. ఉల్లిగడ్డ రియాలైందన్న మాట కాడ జర మెల్లగ చదువు. ఆ యాళ్ల నేను పచ్చడి డబ్బా దిక్కే సూసుకుంట కూసున్న, ఆయన మొఖం సూడలే. నువ్వు మెల్లగ చదివితే, అప్పుడు ఆయన మొఖం ఎట్లుండెనో నాకు యాదికొస్తదేమో."